ఆఖరి బస్సు ఎన్నింటికి?

మా ఇంట్లో వారానికి రెండే రోజులు. బుధవారం, శనివారం. ఆ రెండు రోజులూ నాన్నకి సోంపేటలో డయాలసిస్. పెళ్లిళ్లు, పేరంటాలు, పరామర్శలు, ఏవైనా సరే ఆ రెండింటి మధ్యలో సర్దుకోవాల్సిందే. బరంపురంలో మేనత్త ఇంటికెళ్లినా సాయంత్రానికి ఇచ్ఛాపురం తిరిగొచ్చేస్తాం. నాలుగేళ్లుగా నాన్న ఎక్కడా రాత్రి నిద్ర చేయలేదు.

అలాంటిది సంక్రాంతి నాడు టీవీలో బాహుబలి వస్తుంటే, "ఆ కోట ఇంకా అలాగే ఉందట కదమ్మా, ఓసారి సూసొద్దామేటి" అన్నాడు. అక్క, అమ్మ, నేను ముఖముఖాలు చూసుకున్నాం. అక్క కొడుకు మాత్రం ఎగిరి గంతేశాడు. వాడికి ఎనిమిదేళ్లు. తాత ఎటంటే వాడూ అటే.

ఎవరైనా రామోజీ ఫిల్మ్ సిటీ అనగానే ఫోన్‌లో ఫొటోలు చూస్తారు. నేను రైలు టైములు చూశాను. లెక్క ఇది: బుధవారం పొద్దున్న షిఫ్టులో డయాలసిస్ అవగానే విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గురువారం పొద్దున్నకి సికింద్రాబాద్. శుక్రవారం సాయంత్రం మళ్లీ అదే రైలెక్కితే శనివారం మధ్యాహ్నం లోపు వెనక్కి. ఆస్పత్రిలో అడిగి శనివారం మధ్యాహ్నం షిఫ్టుకి మార్పించుకున్నాం. మధ్యలో దొరికింది గురువారం రాత్రి ఒక్కటే. శుక్రవారం రైలు తప్పితే శనివారం డయాలసిస్ తప్పుతుంది. రూము బుక్ చేసేటప్పుడు నా బుర్రలో ఉన్నది ఈ ఒక్క మాటే.

ఉద్దానం గురించి తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, మా ఇచ్ఛాపురం, ఈ సముద్రపు ఒడ్డు కొబ్బరి, జీడి తోటల నేలంతా ఉద్దానం. ఉద్యానవనం అన్న మాటే అలా అయిందంటారు. ఇక్కడ ఏ ఊళ్లో చూసినా కిడ్నీ జబ్బు ఉన్న ఇల్లు ఉంటుంది. షుగరు, బీపీ లేనివాళ్లకీ వస్తుంది. ఎన్నో పరిశోధనలు జరిగాయి, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరి చెట్లని నేలకి పడుకోబెట్టేసింది. మళ్లీ మొక్కలు నాటి, అవి నడుం ఎత్తుకి వచ్చేసరికి నాన్న క్రియాటినిన్ రిపోర్టు వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి పైపుల్లో మంచినీళ్ల పథకం కూడా అప్పుడే మొదలైంది. నాన్న మాత్రం మొదట్నుంచీ వెళ్తున్న సోంపేటకే వెళ్తాడు. అక్కడ సిస్టర్లు ఇంటి మనుషుల్లా అయిపోయారు.

సరే, ఫిల్మ్ సిటీ సంగతి.

అక్కడికి ఎప్పుడూ వెళ్లని వాళ్లు ముందు తెలుసుకోవాల్సింది టికెట్టు రేటు కాదు, బస్సుల సంగతి. 1996లో మొదలైన ఫిల్మ్ సిటీ 1,666 ఎకరాల్లో ఉంది. ప్రపంచంలోనే పెద్ద సినిమా స్టూడియో అని గిన్నిస్ రికార్డు. సొంత కారులో వెళ్లినా గేటు దగ్గర పార్కింగ్‌లో పెట్టేయాలి. అక్కణ్నుంచి బస్సే. గుట్టల మధ్య కొన్ని కిలోమీటర్లు లోపలికి తీసుకెళ్లి యురేకా అనే చోట దింపుతుంది. ఊరికి బస్టాండు ఎలాగో ఫిల్మ్ సిటీకి యురేకా అలాగ. షోలు, హోటళ్లు, షాపులు దాని చుట్టూనే. స్టూడియో టూర్ ఎర్ర బస్సులు బయల్దేరేదీ అక్కడే. లోపల రూము తీసుకున్న వాళ్లకి హోటల్ నుంచి యురేకాకి వేరే షటిల్ ఉంటుంది. సితార, తార, శాంతినికేతన్ అని జేబుని బట్టి హోటళ్లున్నాయి. స్టే ప్యాకేజీలో పార్కు ఎంట్రీ కూడా కలిసే వచ్చింది. మేం తీసుకున్నది ఖరీదైనది కాదని వేరే చెప్పక్కర్లేదు.

అంటే గేటు బస్సు, హోటల్ బస్సు, టూరు బస్సు. మూడు రకాలు. లోపల ఆటో లేదు, బైకు లేదు, యాప్‌లో క్యాబ్ పిలిచే పనీ లేదు. ఫోన్‌లో మ్యాపు రోడ్డు చూపిస్తుంది కానీ బస్సు ఎక్కడుందో చూపించదు. నాలాంటి దానికి ఇది చేతులు కట్టేసినట్టు ఉంటుంది. ఇచ్ఛాపురంలో కూడా నేను బస్సు కోసం ఆగను, స్కూటీ తీస్తాను.

వెళ్లే ముందు ఫ్లోరిడాలో ఉన్న మా చిన్నాన్న కొడుక్కి ఫోన్ చేశాను. వాడు వాళ్ల అమ్మానాన్నల్ని డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్లి, అక్కడి హోటల్‌లో ఉంచి, నాలుగు రోజులూ బస్సుల్లోనే తిప్పాడు. 1971లో తెరిచిన ఆ పార్కుల స్థలం 25 వేల ఎకరాల దాకా ఉంటుంది. నాలుగు పెద్ద పార్కులు, లెక్కలేనన్ని హోటళ్లు. హోటల్‌లో దిగినవాళ్లకి బస్సులు ఫ్రీ. మోనోరైలు, పడవలు, 2019 నుంచి తీగ మీద వెళ్లే గొండోలాలు కూడా ఉన్నాయి. ఎయిర్‌పోర్టు నుంచి హోటల్‌కి 2005 నుంచి ఫ్రీ బస్సు నడిపారు, 2022 మొదట్లో ఆపేశారు. ఇదంతా చెప్పి వాడు అసలు విషయానికొచ్చాడు. "అక్కా, ఒక్కో హోటల్ లోపలే నాలుగైదు బస్ స్టాపులుంటాయి. నేను చూసుకోలేదు. మా రూము స్టాపుకి దూరం పడింది. అమ్మ మోకాళ్లు రెండో రోజుకే అయిపోయాయి. నువ్వు స్విమ్మింగ్ పూల్ కనబడే రూము అడక్కు, బస్సెక్కే చోటుకి దగ్గర రూము అడుగు. ఇంకోటి, బాణసంచా అయ్యాక అందరితో పాటు లేవకు. పది నిమిషాలు ముందు లే, లేదా అరగంట తర్వాత లే."

ఈ సలహా విని నేను చేసిన మంచి పని ఇదొక్కటే. హోటల్‌కి ఫోన్ చేసి, కింది అంతస్తులో, షటిల్ ఆగే వైపు రూము ఇమ్మని అడిగాను. ఇచ్చారు.

బుధవారం డయాలసిస్ అవగానే ఆటోలో స్టేషనుకి. సోంపేట స్టేషను అని పేరే గానీ అది ఉండేది కంచిలిలో. నాన్న కిటికీ పక్కన కూర్చుని పలాస దాకా జీడితోటలు చూసి, తర్వాత పడుకున్నాడు. డయాలసిస్ అయిన రోజు ఒళ్లంతా పిండేసినట్టు ఉంటుంది. మర్నాడు బాగుంటుంది. రెండో రోజు సాయంత్రానికి మళ్లీ ఆయాసం మొదలవుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. అందుకే నడిచేవన్నీ గురువారం, కూర్చుని చూసేవి శుక్రవారం అని ప్లాన్ వేశాను. సికింద్రాబాద్‌లో దిగాక క్యాబ్ మాట్లాడుకుని సరాసరి గేటు దగ్గరికి వెళ్లిపోయాం.

గేటు దగ్గర బస్సెక్కుతూ అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఆధార్ కార్డు తీసింది. పోయిన ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఫ్రీ కదా, అప్పట్నుంచి బస్సు మెట్టు కనబడితే అమ్మ చెయ్యి కార్డు మీదకి పోతుంది. "ఇక్కడ అది అక్కర్లేదమ్మా, అందరికీ ఫ్రీయే" అన్నాను. "మగాళ్లకీనా?" అంది. టికెట్టు డబ్బులు మనం ముందే కట్టేశామని చెప్పి ఆవిడ సంతోషం పాడు చెయ్యలేదు.

నాన్నతో బస్సెక్కడం అంటే ఒక పద్ధతి ఉంది. ఆయన ఎడమ చేతికి ఫిస్టులా ఉంది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి చేసిన ఆపరేషన్ అది. ఆ చేతికి దెబ్బ తగలకూడదు, బరువు మోయకూడదు, ఎవరూ పట్టుకుని లాగకూడదు. సాయం చేద్దామని జనం ముందు పట్టుకునేది చెయ్యే కదా. అందుకని అమ్మ ఎప్పుడూ ఎడమ పక్కనే నడుస్తుంది. టూరు బస్సులకి పక్కన అద్దాలుండవు, గాలికి తెరిచే ఉంటాయి. ఎడమ వైపు కూర్చుంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర చెయ్యి ఊచకి కొట్టుకుంటుంది. కుడి వరసలో బయటి వైపు నాన్న, ఆయన ఎడమ పక్కన అమ్మ. ఇంకెవరూ ఆ చేతికి తగలరు. నాన్న ఎండాకాలంలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కాయే వేస్తాడు. ఉబ్బిన నరాలు ఎవరికీ కనబడకూడదు. జబ్బు గురించి అడిగితే "బానే ఉన్నాను" తప్ప ఇంకో మాట రాదు.

గురువారం మా రోజు. టూరు బస్సులో గైడ్ మైకు పట్టుకుని నవ్విస్తూ చెప్పుకుంటూ పోయాడు. ఇది ఎయిర్‌పోర్టు, కానీ విమానం లేదు. ఇది రైల్వే స్టేషను, ఏ ఊరు కావాలంటే ఆ ఊరి బోర్డు పెడతారు. ఇది జైలు. వీధి చివర మలుపు తిరిగితే దేశం మారిపోతుంది. "మన ఇచ్ఛాపురం బోర్డు కూడా ఎప్పుడైనా పెట్టారేమో తాతా" అన్నాడు మా వాడు. "పెట్టినా ఆ రైలు మన దగ్గర ఆగదులే" అన్నాడు నాన్న. బస్సంతా నవ్వింది. మా ఊరివాళ్లకి ఆ జోకు ఇంకొంచెం ఎక్కువ తగులుతుంది.

టూరు బస్సు పద్ధతేంటంటే, కొన్ని చోట్ల దింపి వెళ్లిపోతుంది. మీరు చూసుకుని వచ్చి తర్వాత వచ్చే ఏదో ఒక బస్సు ఎక్కాలి. అదే బస్సు, అదే సీటు అని ఉండదు. అంటే దిగిన ప్రతిసారీ మళ్లీ లైను, మళ్లీ కుడి వరస సీటు వెతుకులాట. ఎక్కువ రేటు పెడితే ఏసీ కోచ్ ఉన్న ప్యాకేజీలు కూడా ఉన్నాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఒకసారి లెక్కేసుకోండి. నేను డబ్బులు చూసుకున్నాను.

మూడో స్టాపుకల్లా నాన్న ఒకటి కనిపెట్టేశాడు. మేం బోర్డులు చదువుతుంటే ఆయన నేరుగా డ్రైవర్ దగ్గరికి వెళ్లేవాడు. "బాబూ, ఈ బండి ఎటెల్తాది? దీనెనక ఇంకోటి ఉందా?" డ్రైవర్ "యురేకా పోతది పెద్దాయనా, ఎక్కు. ఎన్క ఇంకోటొస్తది, అది జర ఖాళీగుంటది" అనేవాడు. ఖాళీగా వచ్చేదాని కోసం మేం ఆగేవాళ్లం. నేను లైనులో ముందుకి తోసుకుపోదామని చూస్తుంటే నాన్న ఎక్కడో చెట్టు నీడన, డ్రైవర్లు టీ తాగే చోట నిలబడి ఉండేవాడు. "బస్సొచ్చేస్తుందేమో రా నాన్నా" అంటే, "డ్రైవరు గ్లాసులో సగం టీ ఉంది. అది అయ్యేదాకా బండి కదల్దు" అనేవాడు. జీవితమంతా కవిటి, సోంపేట బస్సుల్లో కొబ్బరికాయల బస్తాలు వేసుకుని తిరిగిన మనిషి. రోడ్డు మీద నించుని బస్సు వస్తుందా రాదా అన్నది గాలిని బట్టి చెప్పగలడు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. నాన్న రోజంతా తాగాల్సింది లీటరు లోపు. టీ, మజ్జిగ, పులుసు అన్నీ కలిపి. జనవరి అయినా మధ్యాహ్నం ఎండ చుర్రుమంది. మా వాడు కూల్‌డ్రింక్ తాగుతుంటే నాన్న ఒక ఐస్ ముక్క బుగ్గన పెట్టుకుని అరగంట కాలక్షేపం చేశాడు. అమ్మ అడక్కుండానే తన బాటిల్ బ్యాగ్‌లో దాచేసి, ఆయన కంటపడకుండా వెనక్కి వెళ్లి తాగొచ్చింది.

సాయంత్రం యురేకాలో డాన్సులు, దీపాలు. మా చిన్నాన్న కొడుకు మాట గుర్తొచ్చి ఆఖరి పాట అవకముందే లేచాం. షటిల్‌లో మేం నలుగురం, ఇంకో జంట. అంతే. చీకట్లో గుట్ట దిగుతుంటే బస్సు ఇంజిను సీట్లోంచి ఒంట్లోకి వణుకుతోంది. మా వాడు నిద్రమత్తులో తాత ఎడమ చెయ్యి మీద చెంప ఆనించబోయాడు. అమ్మ ఆపబోయింది. నాన్న "ఉండనీ" అని, వాడి వేళ్లు తీసి ఫిస్టులా మీద మెల్లగా పెట్టాడు. లోపల రక్తం వేగంగా పారుతుంటే అక్కడ చర్మం కింద సన్నగా గిర్రుమంటూ ఉంటుంది. డాక్టర్లు దాన్ని థ్రిల్ అంటారు. రోజూ పొద్దున్నే వేలు పెట్టి చూసుకోవాలి, అది ఆగితే వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి. వాడు కళ్లు తెరిచి, "తాతా, నీ చేతిలో కూడా బస్సుంది" అన్నాడు. నాన్న అలా నవ్వడం చూసి చాలా రోజులైంది.

శుక్రవారం ప్లాన్ పక్కాగా ఉంది. పొద్దున్నే రూము ఖాళీ చేసి సామాను రిసెప్షన్‌లో పెట్టడం. షటిల్‌లో యురేకా, అక్కణ్నుంచి టూరు బస్సులో బాహుబలి సెట్టు. పన్నెండున్నరకి వెనక్కి. ఒంటిగంటకి హోటల్, ఒకటిన్నరకి గేటు. రైలు సాయంత్రం.

కోట దగ్గర నాన్న చాలాసేపు నిలబడ్డాడు. దగ్గరికెళ్లి గోడ తట్టి చూశాడు. రాయి కాదు, లోపల బోలు. "మోసం" అన్నాడు, ఇష్టంగానే. సినిమాలొచ్చి ఇన్నేళ్లయినా ఆ బొమ్మలు, ఆ ద్వారాలు అలాగే నిలబడి ఉన్నాయి. తర్వాత ఒక నీడలో అమ్మతో కూర్చున్నాడు. నేనేమో రీల్ తీస్తున్నాను. ఒక టేకు, రెండు టేకులు, మా వాడు నవ్వేశాడని మూడోది. టైము చూసుకునేసరికి పన్నెండూ నలభై. మేం స్టాపు వైపు వస్తుంటే కళ్లముందే బస్సు కదిలిపోయింది. తప్పు ఎవరిదీ కాదు, నాదే.

నాన్న ఆ బస్సు వెంట పడ్డాడు. నిజంగా పరిగెత్తలేదు, అయినా అడుగులు వేగంగా వేశాడు. పదిహేను అడుగులు వేసి ఆగిపోయాడు. ఒక చేత్తో బోదె పట్టుకుని చెట్టుకి ఆనుకున్నాడు. నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. రెండో రోజు మధ్యాహ్నం. నేను భయపడ్డది దీనికే. అమ్మ నన్నొక చూపు చూసింది, ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాతి పద్ధెనిమిది నిమిషాలు నా ఫోన్‌లో లెక్కపెట్టాను. క్యాబ్ యాప్ తెరిచాను, మూశాను. లోపలికి ఏ క్యాబూ రాదని తెలిసీ మళ్లీ తెరిచాను. నడిచి వెళ్దామంటే నాన్నని నడిపించలేను. "భోజనాల టైము కదా, డ్రైవర్లు మారుతుంటారు. మన బస్సులైనా అంతే. వస్తాది" అన్నాడు నాన్న, ఊపిరి కుదుటపడ్డాక. వచ్చింది. ఎక్కాం. కుడి వరస దొరకలేదు, అమ్మ నిలబడి ఆయన చేతికి అడ్డంగా ఒళ్లు పెట్టింది.

యురేకాలో దిగేసరికి ఒంటిగంట దాటింది. హోటల్ షటిల్ అటు చివర కనబడుతోంది, తలుపు వేస్తున్నారు. మా మధ్య ఒక పెద్ద ఆవరణ ఉంది. నేను పరిగెత్తగలను. నాన్న పరిగెత్తలేడు.

అప్పుడు నాన్న మేం దిగిన బస్సు డ్రైవర్ దగ్గరికే వెళ్లాడు. నిన్న టీ దగ్గర కలిసిన మనిషే. "బాబూ" అని ఆగాడు. తర్వాత చొక్కా ఎడమ చెయ్యి గుండీ తీసి, మోచేతి దాకా మడిచాడు. "మాది ఇచ్ఛాపురం. సాయంత్రం రైలు. రేపు నాకు డయాలసిస్ ఉంది. ఆ బండిని కొంచెం ఆపమని సెప్పగలవా" అన్నాడు.

పెళ్లిళ్లలో, గుళ్లో, చుట్టాల ఇళ్లల్లో ఎక్కడా మడవని చొక్కా అది. నేను ఆయన ముఖం చూడలేకపోయాను.

డ్రైవర్ ఆ చెయ్యి చూశాడు. ఏ ప్రశ్నా వెయ్యలేదు. ఫోన్ తీసి, "అన్నా, కదలకు. ఒక పెద్దాయనున్నడు, మెల్లగ వస్తడు" అన్నాడు. అవతల షటిల్ తలుపు మళ్లీ తెరుచుకుంది. మేం మెల్లగా నడిచాం. బస్సులో కూర్చున్నవాళ్లు మమ్మల్ని ఎదురు చూస్తున్నారు. ఎవరో ముందు సీటు ఖాళీ చేశారు. కుడి వైపుది.

అక్కణ్నుంచి అంతా చకచకా అయిపోయింది. సామాను తీసుకున్నాం, గేటు బస్సెక్కాం, హైవే మీదకొచ్చాం. నేను క్యాబ్ అన్నాను. దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు, మెట్రో అయితే టైము మారదు అని నాన్నే అన్నాడు. విజయవాడ రోడ్డు మీద ఆర్టీసీ బస్సెక్కి ఎల్బీనగర్‌కి బయల్దేరాం. అమ్మ మళ్లీ ఆధార్ తీసింది. కండక్టరమ్మ చూసి, "ఇది ఆంధ్రా కార్డమ్మా, ఇక్కడ తెలంగాణోళ్లకే ఫ్రీ" అంది. 2023 డిసెంబరు నుంచి అక్కడ మహాలక్ష్మి పథకం ఉంది కానీ అది వాళ్ల రాష్ట్రం వాళ్లకే. "రెండు రోజులు తిరిగినాం, ఎక్కడా అడగనేదు. ఇక్కడేటో" అని గొణుక్కుంటూ అమ్మ డబ్బులిచ్చింది.

ఎల్బీనగర్‌లో మెట్రో, అమీర్‌పేటలో మారి సికింద్రాబాద్ ఈస్ట్. స్టేషన్లలో లిఫ్టులున్నాయి, నాన్నకి మెట్లు ఎక్కే పని పడలేదు. ప్లాట్‌ఫామ్ మీద బెంచీ దొరికి కూర్చునేసరికి రైలుకి ఇంకా అరగంట పైనే ఉంది. "సూసినావా, టైముందని సెప్పానా" అన్నాడు నాన్న. చొక్కా చెయ్యి ఇంకా మడిచే ఉంది. అమ్మ గుండీ పెట్టబోతే "ఉక్కగా ఉంది, ఉండనీ" అన్నాడు.

మీలో ఎవరైనా ఇలా పెద్దవాళ్లని తీసుకుని ఫిల్మ్ సిటీలో ఉండడానికి వెళ్తుంటే నేను నేర్చుకున్నది చెప్తాను. రిసెప్షన్‌లో మొదటి బస్సు టైము అందరూ అడుగుతారు, ఆఖరిది అడగండి. మధ్యాహ్నం బస్సుల మధ్య ఎంత గ్యాపు ఉంటుందో కూడా. వెళ్లిపోయే రోజు దూరంగా ఉన్న సెట్టు పెట్టుకోకండి, యురేకా చుట్టుపక్కలే ఉండండి. మందులు సామానులో వదలకుండా చేతి బ్యాగులో ఉంచుకోండి. రీల్ మొదటి టేకుతో సరిపెట్టుకోండి. మీ మనిషికి ఏదైనా ఇబ్బంది ఉంటే మొదటి రోజే, మొదటి డ్రైవర్‌కే చెప్పండి. మేం గురువారం పొద్దున్నే చెప్పి ఉంటే నాన్న శుక్రవారం మధ్యాహ్నం అలా నిలబడాల్సి వచ్చేది కాదు. చెప్పనిచ్చేవాడు కాదనుకోండి, అది వేరే సంగతి.

శనివారం కంచిలిలో దిగి సరాసరి సోంపేట. అందరి ముందూ నాన్న బరువు మిషను ఎక్కాడు. రెండు డయాలసిస్‌ల మధ్య ఎంత బరువు పెరిగితే ఒంట్లో అంత నీరు చేరినట్టు. కిలో ఎనిమిది వందలు. "పర్వాలేదు, రెండు దాటుతారనుకున్నాను" అంది సిస్టర్.

మిషనుకి కనెక్ట్ చేశాక పక్క బెడ్డు ఆయన తల తిప్పాడు. కవిటి వైపు మనిషి, నాన్నతో పాటే బుధ, శని.

"ఏటి సూసినావు?"

"బస్సులు" అన్నాడు నాన్న. "ఎర్రవి. టికెట్టు నేదు. ఫోన్ సేత్తే ఆపుతారు."

ఆయన భార్య కాళ్ల దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. కాసేపు ఆగి నన్ను పిలిచింది. "అమ్మా, ఆ రైలు రోజూ ఉంటాదా?"

"రోజూ ఉంది పిన్నీ" అని ఫోన్ తీశాను. "మీ ఇద్దరేనా, ఇంకెవరైనా వస్తారా?"